ఉన్నవా అంటే ఉన్న

మడికొండల, మెట్టుగుట్ట కనవడే కిటికీ పక్కన
ఏసీ సలికి శాలువ కప్పుకొని
రాత్రి పదింటికెల్లి గీతలు చూస్తుంట.
నా కొలువు గదే:
ఎవరో ఎక్కడో ఒక బటన్ నొక్కితే
జవాబు ఎంతసేపట్ల పోయిందో లెక్కవెట్టుడు.

ఏనుమాముల మార్కెట్ల మిర్చి దిగే నెలలు.
బస్తాలు ట్రాలీకి ఎక్కకముందే
ఫోన్ల టోకెన్ తీసుకోవాలె.
టోకెన్లిచ్చేటివి నాలుగు సర్వర్లు.
వాటి ముందట లోడ్ బ్యాలెన్సర్,
వచ్చిన రిక్వెస్టునల్లా
వంతులేసి పంచుకుంట పోతది.

మా ఓదెలు పెదనాయిన గదే పని చేసిండు
ముప్పై ఏండ్లు, హమాలీల జమేదారు.
బస్తా ఎత్తే ముందు మనిషి మెడ నరం చూసేటోడు.
"కట్టయ్యా, పొద్దుగాల్నుంచి దగ్గుతున్నవ్,
కాంటా కాడ కూసోని చీటీలు రాయి."
ఆ పూట కూలి మాత్రం కట్టయ్యకు తక్కువ కాకపోయేది.

మా బ్యాలెన్సర్ మెడలు చూడది.
ఐదు సెకండ్లకోపారి ఒక్కటే అడుగుతది:
ఉన్నవా?
ఉన్న.
ఉన్నవా?
ఉన్న.
పచ్చదీపం.

ఫిబ్రవరి రెండో సోమారం, తెల్లారుజాము మూడూ నలభై.
సగటు రెండొందల పది మిల్లీసెకండ్లు.
రెప్ప కొట్టినంతసేపు గూడ కాదు.
పక్క కుర్చీల యాకూబ్ పాషా డబ్బా మూత తీసి
సర్వపిండి తుంచి నా దిక్కు జరిపిండు,
"అంత మంచిగనే ఉంది, తిను."

అప్పుడు మోగింది ఫోను.
శాయంపేట దిక్కుకెల్లి ఒక ఆడమనిషి గొంతు:
"బిడ్డా, తిరుగుతనే ఉన్నది."
"ఏం తిరుగుతున్నదమ్మా?"
"సున్న."
ఆమె ఎనుక ట్రాలీ ఇంజన్ దడదడ.
డీజిల్ ఎవని అయ్య పోస్తడని డ్రైవర్ కేకలు.
నేను మనసుల లెక్కవెడుతున్న.
పదకొండు. ఇరవై. ఇరవై తొమ్మిది.
"ఇడిసిపెట్టి మళ్ల నొక్కమ్మా."
"అగో! వచ్చె! ఏం జేసినవ్ బిడ్డా?"
నేనేం జెయ్యలే.
ఈపారి వంతు ఇంకోదానికి వచ్చింది, గంతే.

సగటును పగలగొట్టి చూసిన,
బత్తాయి ఒలిచినట్టు, తొన తొన.
ఒకటోది, రెండోది, నాలుగోది సాఫు.
మూడోదాని కాడ
నూటికొక్కరు ముప్పై ఒక్క సెకండ్లు నిలవడుతున్నరు.
లోపట డేటాబేస్‌కు పోయే తీగలల్ల ఒకటి తెగి,
తెగిన సంగతి దానికే తెల్వక.
నాలుగిండ్ల మీద పంచితే నాలుగొందలకొక్కరు.
గా ఒక్కన్ని నమిలి మింగి
రెండొందల పది అని తేనుపు తీస్తది సగటు.

ఆ రాత్రి ఇరవై ఆరు వేల రిక్వెస్టులు.
అరవై ఐదు మంది.

మూడోది అబద్ధమాడలే.
ఉన్నవా అంటే ఉన్న అన్నది, ఉన్నది గనుక.
అడిగినోళ్లం మేము, అడుగుడే తక్కువ.

పాత పని ఒడిసేదాక ఆగి
కొత్తోళ్లను పంపుడు బందు పెట్టి
మూడోదాన్ని వరుసల కెల్లి పక్కకు తీసిన.
కాంటా కాడ కూసో, అన్న మెల్లగ.
యాకూబ్ ఇన్నడు, ఏం అనలే.
మిగిలిన మూడు గీతలు జర పైకి లేసినయ్,
ఊపిరి బిగవట్టినట్టు. నిలవడ్డయ్.
ఇంకోటి గూడ మార్చిన:
ఇగనుంచి ఉన్నవా అని అడుగది,
ఒక టోకెన్ తీసి సూపియ్యుమంటది.

రిపోర్టు కాయితంల ఒక గడి ఉంటది, ప్రభావం అని.
స్వల్పం, మధ్యమం, తీవ్రం.
లెక్క ప్రకారం స్వల్పమే.
గడి పక్కన జాగ లేకున్నా
అరవై ఐదు అని కొట్టిన.
పొద్దుగాల సారు అడుగుతడు, గిదేం అంకె అని.

టోకెన్ల పట్టీల కిందికి జరిగి చూసిన.
మూడూ నలభై రెండు. నీలం ఉప్పలమ్మ.
చపాట మిర్చి, పద్నాలుగు బస్తాలు.
కాజీపేట దిక్కు బండి కూసింది.

సర్వపిండి గట్టివడ్డది.
తిన్న.